గుర్రపుడెక్క గ్యాస్

బర్నర్ తిప్పగానే నీలం మంట వచ్చేసింది, పిన్ని అయితే "ఇదేంట్రా, చెరువులో పిచ్చిమొక్కతో టీ కాస్తున్నామా" అని ఒకటే నవ్వు.

గుర్రపుడెక్కని అలాగే పడేస్తే కుదరదండోయ్, కాడల్లో గాలి ఉంటుంది కదా, బయోగ్యాస్ ట్యాంకులో పైకి తేలి తెట్టు కట్టేస్తుంది, అందుకే బాబాయ్ గడ్డి ముక్కలు చేసే చాఫ్ కట్టర్‌లో సన్నగా కొట్టించి పేడనీళ్ళలో కలిపి పోస్తున్నాడు. మంటనిచ్చే మీథేన్ గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులు ఆ పేడలోనే ఉంటాయి మరి.

కానీ ట్రాలీ నిండా మోసుకొచ్చినా అందులో 90 శాతం పైన నీళ్ళే, గ్యాస్ కొంచెం, నడుం నొప్పి ఫుల్లు.

నాచుతోనూ చేయొచ్చు గానీ ఆ సన్న నాచుని నీళ్ళలోంచి వేరు చేయడానికే బోలెడు ఖర్చు, ఊళ్ళో ఎవరు పెడతారు?

గ్యాస్ వచ్చేశాక ట్యాంకులో మిగిలే స్లర్రీ మాత్రం తన అరటితోటకేనని బాబాయ్ అప్పుడే బుక్ చేసేసుకున్నాడు.