81 శాతం దగ్గర

నా ఎలక్ట్రిక్ కారు తెరపై బ్యాటరీ 81 శాతం అని కనిపించేసరికి, అంతవరకు 110 కిలోవాట్ల దగ్గర నిలకడగా సాగిన చార్జింగ్ 46కి దిగిపోయింది. నా వెనుక మరో కారు వరుసలో ఆగి ఉంది. అందులోని పిల్లవాడు అద్దానికి ముక్కు ఆనించి నా కారు వైపే చూస్తున్నాడు.

హైవే పక్కన ఈ చార్జింగ్ స్టేషన్ కొత్తగా వచ్చింది. కేబుల్ చేతిలోకి తీసుకున్నప్పుడు దాని బరువుకు ఆశ్చర్యపోయాను. ఇంటి దగ్గర మామూలుగా వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీ తీసుకునే డీసీ కరెంటుగా మార్చుకునే పని కారులోని చిన్న పరికరం మీద పడుతుంది. ఇక్కడ ఆ పనిని స్టేషన్‌లోని పెద్ద యంత్రమే ముగించి, డీసీని నేరుగా బ్యాటరీకి అందిస్తుంది కాబట్టే, రాత్రంతా పట్టే చార్జింగ్ అరగంటకు కుదిరింది.

అయితే బ్యాటరీ నిండుతున్న కొద్దీ, దానికి హాని కలగకుండా కారే కరెంటును తగ్గించుకుంటుంది. చివరి 20 శాతానికి, 10 నుంచి 80 వరకు పట్టినంత సమయం పట్టినా పట్టవచ్చు. ఈ సంగతి తెలిసి కూడా, 100 చూడాలన్న పాత పెట్రోలు బుద్ధితో కూర్చున్నాను. ట్యాంకు నిండా పోయించుకునే అలవాటు అంత తేలికగా వదలదు మరి.

తరువాతి స్టేషన్ 90 కిలోమీటర్ల దూరంలోనే ఉందని మ్యాపు చూపుతోంది. ఉన్న చార్జితో అంతకు మూడింతలు వెళ్లవచ్చు. కేబుల్ తీసి, కొక్కేనికి తగిలించి, కారును పక్కకు జరిపాను. వెనుక కారు ముందుకు వచ్చినప్పుడు చూస్తే, అద్దం మీద ముక్కు ముద్ర అలాగే ఉంది.