కళ్ళకి టేప్ వేసినా చెవులు వింటూనే ఉన్నాయి

నాకొచ్చింది జీబీఎస్, అంటే గులియన్ బారీ సిండ్రోమ్. ముందు విరేచనాలు, అవి తగ్గాయనుకునేలోపు అరికాళ్ళలో తిమ్మిర్లు, తర్వాత మెట్లెక్కలేకపోవడం, ఆ తర్వాత చేతులు, మొహం, చివరికి ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టారు. మన ఇమ్యూనిటీనే మన నరాల మీద పడుతుందంట, ఐదు రోజులు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, నరంలోకి ఎక్కించారు. మెదడుకి మాత్రం ఏం కాదు, అదే నరకం, అన్నీ తెలుస్తుంటాయి, చెప్పడానికి ఏదీ కదలదు.

రెప్పలు మూతపడట్లేదని కళ్ళు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాసి టేప్ వేసేవాళ్ళు. ఇంక అక్షరాల చార్ట్ చూపించి ఏం లాభం? మంచం పక్కనే నిలబడి "ఈవిడకేం తెలీదులెండి" అన్నవాళ్ళున్నారు, నేను ప్రతి మాటా విన్నాను.

కుడి భుజం కాస్త లేస్తోందని కనిపెట్టింది మా చెల్లి. "అక్కా, నేను చదువుతా, కావాల్సిన దగ్గర భుజం ఎత్తు" అని ముందు వర్గాలు చెప్పేది, క, చ, ట, త, ప. ప దగ్గర ఎత్తా. ప ఫ బ భ మ, మ దగ్గర మళ్ళీ ఎత్తా. తర్వాత ట వర్గంలో డ. "మడ... మడమా అక్కా? నొప్పా?" అంది. అవును, మడమ పరుపుకి ఒత్తుకుని రాత్రంతా ఒకటే మంట! పిక్క కింద దుప్పటి మడిచి పెట్టేసరికి ప్రాణం లేచొచ్చింది. గుణింతాలు లేని మాట కాబట్టి తొందరగా తేలింది, "నీళ్ళు" అని చెప్పడానికి ఎంతసేపు పట్టేదో.

ఫిజియోథెరపీ టైంలో చదివాను, జర్మనీలో ఏఎల్ఎస్, అంటే కండరాల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు, వచ్చి కళ్ళు కూడా తిప్పలేని ఒకాయనకి 2019లో మెదడులో రెండు చిన్న చిప్‌లు పెట్టారు, ఒక్కోదానికి 64 సూదులు. నరాల సిగ్నల్ మారేకొద్దీ స్పీకర్‌లో శబ్దం శ్రుతి పెరుగుతుంది, తగ్గుతుంది, ఆయన దాన్ని వింటూ పైకి తీసుకెళ్తే అవును, కిందికి దించితే కాదు. అక్షరాలు కూడా గుంపులుగా వినిపిస్తారు, మా చెల్లి చేసినట్టే! నిమిషానికి ఒక అక్షరం అటూ ఇటూ. ఆ అక్షరాలతోనే సూప్ కావాలని అడిగాడు, కొడుకుతో మాట్లాడాడు. 2022లో ఇది నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది, చదువుతుంటే ఏడుపాగలేదు.

ఆపరేషన్ లేకుండా తలకి ఈఈజీ టోపీ, అంటే మెదడు విద్యుత్ సిగ్నల్స్‌ని చర్మం మీంచే పట్టే టోపీ, పెట్టి చేసే పద్ధతీ ఉంది, వరసగా శబ్దాలు వినిపిస్తుంటే మనం ఎదురుచూసే శబ్దం రాగానే దాదాపు 300 మిల్లీసెకన్లకి మెదడులో ఒక అల లేస్తుంది, పీ300 అంటారు, దాన్నిబట్టి మనం ఏది ఎంచుకున్నామో కనిపెడతారు. కానీ అంతసేపు చెవి పెట్టి వినడం చాలా అలసట, ఐసీయూలో మానిటర్ల మోత మధ్య చెల్లి గొంతు పట్టుకోవడానికే నాకు ఓపిక అయిపోయేది.

నా నరాలు మెల్లగా తిరిగొచ్చాయి, ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నా, పాదం ఇంకా కిందికి వాలిపోతుంది, స్ప్లింట్ వేసుకుంటా. ఏఎల్ఎస్ వాళ్ళకి అలా తిరిగి రావు, అందుకే ఇలా వింటూ అక్షరాలు ఎంచుకునే పద్ధతి వాళ్ళకి కావాలి, తెలుగులో కావాలి. ఎవరైనా చేస్తుంటే ముందు వర్గం, తర్వాత అక్షరం, ఆ తర్వాతే గుణింతం పెట్టండి, వినిపించే గొంతు మాత్రం ఇంట్లోవాళ్ళదే రికార్డ్ చేయండి.