పెద్దమ్మ కొత్త గొంతు

ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడుకునే బరంపురం కుటుంబం మాది. క్యాన్సరు వల్ల మా పెద్దమ్మ స్వరపేటికను పూర్తిగా తొలగించవలసి వచ్చినప్పుడు ఆపరేషను గురించి వైద్యులు ఓపికగా వివరించారు గాని, ఆ తరువాత వచ్చే గొంతు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. అది ముందే చెప్పవలసిన విషయమని నా గట్టి అభిప్రాయం.

స్వరపేటిక తీసేశాక ఊపిరి మెడ దిగువన చేసిన రంధ్రం గుండానే సాగుతుంది. నాలుకా పెదవులూ పదిలంగానే ఉంటాయి. వాటికి ధ్వని అందదు. మెడకు ఆనించి పట్టుకునే ఎలక్ట్రోలారింక్స్ అనే పరికరం ఆ ధ్వనిని త్వరగా ఇస్తుంది గాని, దాని మోత ఆగకుండా సాగడం వల్ల 'పాలు' అన్నది 'బాలు'గా వినిపిస్తుంది. గాలిని అన్నవాహికలోకి తీసుకుని పైకి వదులుతూ మాట్లాడే పద్ధతికి పరికరం అక్కరలేదు. అయితే అక్కడ పట్టే గాలి సుమారు 80 మిల్లీలీటర్లే కనుక మాటలు చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి.

పెద్దమ్మకు అమర్చినది 1980లో సింగర్, బ్లోమ్ అనే అమెరికన్లు ప్రకటించిన పద్ధతిలోని వాల్వు. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య దీనిని ఉంచుతారు. మెడ రంధ్రాన్ని వేలితో మూసినప్పుడు ఊపిరితిత్తుల గాలి దీని గుండా అన్నవాహికలోకి వెళ్లి, దాని పైభాగపు కండరాన్ని కంపింపజేస్తుంది కనుక పెద్ద వాక్యం కూడా ఒక్క ఊపిరిలో చెప్పవచ్చు. శిలీంధ్రం పట్టి కారడం మొదలవుతుంది కాబట్టి కొన్ని నెలలకొకసారి మార్చాలి. ఆ ఖర్చు మాబోటివారికి భారమే. బెంగళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయలకే అందించాలని 'ఓం' వాల్వును రూపొందించడం వెనుక ఉన్న కారణం కూడా ఇదే.

ఆమెను ఎక్కువగా బాధపెట్టినది గొంతు బరువు. స్త్రీల గొంతు సాధారణంగా సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తుంది; ఈ దళసరి కండరం అందులో సగానికి, ఒక్కోసారి ఇంకా దిగువకు పడిపోతుంది. ఫోనులో కొత్తవారు మగమనిషి అనుకుని 'భాయినా' (ఒడియాలో అన్నయ్య) అని పిలిస్తే ఆమె చాలాసేపు మాట్లాడేది కాదు.

స్వరంలో ఎత్తుపల్లాలు తగ్గినా మన భాషలో ప్రశ్న చెడదు: 'వస్తావు', 'వస్తావా' అన్న తేడాను చివరి దీర్ఘమే నిలబెడుతుంది. అందుకే థెరపిస్టు ఇచ్చిన ఒడియా పదాల పట్టికతో పాటు తెలుగు పట్టిక ఒకటి మేమే రాసుకున్నాము. అందులో మనవల పేర్లు, కూరగాయల పేర్లు, ఆమె రోజూ అడిగే ప్రశ్నలు ఉన్నాయి. సాధన వేళ ఫ్యాను, టీవీ ఆపి ఆమెకు ఎదురుగా కూర్చుంటాము. వాక్యాన్ని ఆమె పూర్తిచేసేదాకా ఎవరమూ అందించము.