నాగుల పిల్ల, గరుడుల పిల్లాడు: ఆ పెళ్లి కుదర్చడానికి నేను పడ్డ శ్రమ

నేను రాస్తున్న కథలో ఇద్దరూ ఉంగరాలు మార్చేసుకున్నారు. అమ్మాయి నాగుల ఇంటి పిల్ల, అబ్బాయిది గరుత్మంతుడి వంశం. రెండిళ్లలోనూ పెద్దలు వద్దంటే వద్దన్నారు. ఇంతవరకూ రాయడం కష్టం కాలేదు. ఆ తర్వాత కథ ముందుకు కదల్లేదు. అబ్బాయి నాలుగు మంచి మాటలు చెప్తాడు, అమ్మాయి ఏడుస్తుంది, తండ్రి మెత్తబడతాడు. అలా రాసేయొచ్చు. కానీ ఏ ఇంట్లో జరిగింది అలా?

మాది ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరింది. చుట్టాల్లో చాలామంది పక్కనే ఉన్న పాతపట్నంలో, అంటే ఇప్పటి ఆంధ్రలో ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. తెలుగింటి పిల్ల, ఒడియా ఇంటి పిల్లాడు ఇష్టపడటం ఇక్కడ కొత్తేం కాదు. అలాంటి సంబంధం మాటకొచ్చినప్పుడల్లా నేను విన్న మొదటి ప్రశ్న తిండి గురించే. వాళ్లింట్లో మన పిల్ల ఏం తింటుంది, ఎలా సర్దుకుంటుంది అని. నా కథలో ఆ ప్రశ్న మరీ భయంకరం. పెళ్లికొడుకు ఇంటివాళ్లు తినేది పెళ్లికూతురి చుట్టాలనే.

రాసినంతవరకూ పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ వింది. చివర్లో, "పిల్లాడు మంచోడేలే. మరి వాళ్ల తాత ఈ పిల్ల తాతని తినేశాడు కదే. రేపు ఈ పిల్లని ముట్టుకోరని ఆ తండ్రికి ఏటి నమ్మకం?" అంది. నాకు కావలసిన ప్రశ్న అదే. వద్దనే తండ్రిని మొండివాడిగా చూపిస్తే కథ తేలిపోతుంది. ఆయన భయం నిజమైనది.

అందుకని భారతం ముందేసుకున్నాను. ఆదిపర్వం ప్రకారం రెండు వంశాలూ ఒక తండ్రి బిడ్డలే. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత అక్కచెల్లెళ్లు. కద్రువకి 1000 గుడ్లు, వినతకి 2. 500 ఏళ్లకి కద్రువ గుడ్లలోంచి నాగులు వచ్చారు. వినత ఆగలేక ఒక గుడ్డు ముందే పగలగొడితే, సగమే తయారైన అనూరుడు పుట్టాడు. తొందరపడ్డందుకు తల్లిని దాసివి కమ్మని శపించాడు. ఉచ్చైశ్శ్రవం అనే గుర్రం తోక రంగు మీద పందెం, వినత దాస్యం, గరుత్మంతుడు అమృతం తేవడం ఆ తర్వాతి సంగతి. పాముల్ని తినే వరం ఇంద్రుడు గరుత్మంతుడికి ఇచ్చిందీ అప్పుడే.

నాకు అసలు దారి చూపింది ఉద్యోగపర్వం. కృష్ణుడు రాయబారానికి వెళ్లినప్పుడు కణ్వుడు దుర్యోధనుడికి చెప్పిన కథ ఒకటి ఉంది. ఇంద్రుడి సారథి మాతలి, తన కూతురు గుణకేశికి వరుణ్ణి వెతుక్కుంటూ నారదుడితో నాగలోకం వెళ్తాడు. సుముఖుడనే నాగకుమారుడు నచ్చుతాడు. సుముఖుడి తాత ఆర్యకుడు సంబంధం గొప్పదేనంటాడు, ఇంద్రుడి స్నేహితుడితో వియ్యం ఎవరికి చేదంటాడు. అంటూనే, వీడి తండ్రిని గరుత్మంతుడు తినేశాడు, నెల తిరిగేలోగా వీణ్ణీ తింటానని చెప్పి వెళ్లాడు, ఇక ఈ పెళ్లికి నేనెలా సంతోషించను అంటాడు. ఆ ముసలాయన మాటల్లో కోపం లేదు. చివరికి ఇంద్రుడు సుముఖుడికి దీర్ఘాయువిచ్చాక పెళ్లి జరుగుతుంది. గరుత్మంతుడు మండిపడి వస్తే, విష్ణువు అతని గర్వం అణచి, సుముఖుణ్ణి కాలి బొటనవేలితో ఎత్తి అతని రొమ్ము మీద వేస్తాడు. అప్పటినుంచీ గరుత్మంతుడు ఆ పాముతోనే ఉంటాడు.

ఇది చదివాక తండ్రి సన్నివేశం కుదిరింది. నా కథలో ఆయన పిల్లాణ్ణి ఒక్క మాట అనడు. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాడు. "నువ్వంటే నాకు అయిష్టం లేదు బాబూ. మీ ఇంటి నీడ వాకిట్లో పడితే మా అమ్మ ఇప్పటికీ పుట్టలోంచి బయటికి రాదు. ఆవిడకి నేనేం చెప్పను?" అంటాడు, అంతే. అబ్బాయి నాయనమ్మకి ఇంకో భయం పెట్టాను. వాళ్లది గుడ్డు ముందే పగలగొట్టి శాపం తగిలించుకున్న ఇల్లు. అందుకే ఆవిడ పెళ్లికి అడ్డు చెప్పదు, ఆగమంటుంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఎంత ఎడమైనా ఫరవాలేదంటుంది. ఆవిడంటే నాకు చాలా ఇష్టం.

హామీ ఎవరివ్వాలన్నది మిగిలింది. దేవుణ్ణి దింపదలుచుకోలేదు. మన సంబంధాల్లో ఏ దేవుడూ వచ్చి పూచీ పడడు, పడాల్సింది మగపెళ్లివారే. నాగులచవితి మా దగ్గర తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కూడా కార్తీకంలోనే చేస్తారు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నాను. అబ్బాయి తాత ఉపవాసముండి నాగుల వాకిట్లోకి వస్తాడు, రెక్కలు కట్టేసుకుని. పెళ్లికూతురి చిన్నతమ్ముణ్ణి అడిగి రొమ్ము మీద ఎక్కించుకుంటాడు, వాడు నిద్రపోయేదాకా కదలడు. అప్పుడు అమ్మాయి నాయనమ్మ పుట్టలోంచి తల బయటికి పెడుతుంది. ఆవిడ రావడం చూశాకే తండ్రి సరేనంటాడు.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, హోమం ఉండకూడదని. జనమేజయుడి సర్పయాగంలో కాలిపోయినవాళ్ల ఇల్లది. పెద్దమ్మ ఇక్కడ గట్టిగా పట్టుకుంది. "అగ్నిసాక్షి లేకుండా పెళ్లేటే?" అని వదల్లేదు. ఆ మాట నన్ను చాలా టెన్షన్ పెట్టింది, ఎందుకంటే చదివేవాళ్లూ అదే అడుగుతారు. జవాబు మళ్లీ ఆ గుడ్డులోనే దొరికింది. సగమే తయారై పుట్టిన అనూరుడు సూర్యుడి రథసారథి, పెళ్లికొడుకు వంశానికి పెద్ద తాత. అగ్ని బదులు సూర్యుడు సాక్షి, రథం తోలేది వాళ్లింటి పెద్దే. ముహూర్తం సూర్యోదయానికి, మహేంద్రగిరి మీద. 1501 మీటర్ల ఆ కొండ మీద భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. రాక్షసి హిడింబని కోడలిగా ఒప్పుకున్న అత్త గుడి దగ్గరకంటే మంచి పెళ్లిపందిరి నాకు తోచలేదు.

ఇది విని పెద్దమ్మ "ఆఁ, సూర్యుడైతే సరే" అని ఒప్పుకుంది. వెంటనే "అప్పగింతలు రాయలేదేం? ఆ తల్లి పిల్లని ఎవరి చేతిలో పెడుతుంది?" అని అడిగింది. అత్తగారి చేతిలో కాదు, ఆగమన్న ఆ నాయనమ్మ చేతిలో పెట్టిస్తున్నాను.