జ్వరం పోయాకే సూప్

డెంగీ జ్వరం ఎంత బాధిస్తుందో అందరూ చెబుతారు. అది దిగాక పట్టుకునే నీరసం సంగతి మాత్రం పడ్డవాళ్ళకే తెలుస్తుంది. 2020లో సింగపూర్‌లో 35 వేల మందికి పైగా డెంగీ వచ్చింది. అంతకుముందు ఏ ఏడాదీ అక్కడ అన్ని కేసులు లేవు. జూలైలో ఆ లెక్కలోకి నేనూ ఎక్కాను. కోవిడ్ గొడవలో పడి, మా బ్లాకు కింద కట్టిన ఎర్ర బ్యానర్‌ని ఎవరూ పట్టించుకోలేదు. చుట్టుపక్కల డెంగీ కేసులు పదికి చేరితే ఆ రంగు కడతారు.

ప్లేట్‌లెట్లు 31 వేలకు పడిపోతే ఆస్పత్రిలో పెట్టారు. జ్వరం దిగే రోజుల్లోనే అసలు ప్రమాదమని, అప్పుడే కనిపెట్టుకుని ఉండాలని నర్సు చెప్పింది. గండం గడిచి ఇంటికొచ్చాను గానీ, స్నానం చేసి వచ్చేసరికే ఒంట్లో ఉన్న ఓపికంతా అయిపోయేది. అన్నం వాసన గిట్టేది కాదు. కాకినాడ నుంచి అమ్మ వద్దామంటే విమానాల్లేవు. ఫోన్లోనే బొప్పాయి ఆకు రసం తాగమని, మేక కాళ్ళ సూప్ కాచుకోమని పోరు పెట్టేది.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒక కాంటనీస్ ఆంటీ ఉండేది, డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళ నన్ను ‘గర్ల్’ అనే పిలుస్తుంది. వారం వారం వాళ్ళింట్లోంచి చైనా మందు వేర్లు వేసి కాచే సూప్ ఘాటు వరండా అంతా కమ్మేసేది. నాకు జ్వరంగా ఉన్నప్పుడు మా ఆయన వెళ్ళి కాస్త అడిగితే, ఆవిడ ససేమిరా అందట. “దొంగ ఇంట్లో ఉండగా తలుపుకి గడియ పెడతావా?” అందట. బలమిచ్చే వేర్లు జ్వరం మీద ఇస్తే రోగం లోపలే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం. రక్తపరీక్ష బాగా వచ్చాక మాత్రం తనే వచ్చి, గేటు బయట నిలబడి, “మీ డాక్టర్ని అడిగావా?” అంది. అడిగానన్నాక గిన్నె చేతిలో పెట్టింది. ఆ ఆరా నాకు నచ్చింది. అన్నిటికీ మా దగ్గర మందుందనే మనిషైతే దణ్ణం పెట్టి ఊరుకునేదాన్ని.

మొదటి గుటక బాగుందని అబద్ధం చెప్పను. కారం లేదు, పోపు లేదు, మట్టి వాసన, అడుగున చిన్న తీపి. కానీ కడుపులో నిలిచింది. అప్పటికి అదే పెద్ద విషయం.

కాస్త లేచి తిరగగలిగాక చైనాటౌన్‌లో మందుల కొట్టుకి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా చెక్క సొరుగులు. కొట్టాయన వేరు చూపించే ముందు నేను వేసుకునే మాత్రలేమిటో, కడుపుతో ఉన్నానేమో కనుక్కున్నాడు. ఆడవాళ్ళ సూపుల్లో తరచుగా వేసే దాంగ్ గ్వీ అనే వేరు మాత్రం ఇవ్వనన్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోయి లేచినవాళ్ళకి అది వద్దన్నాడు. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు దాని జోలికి పోకూడదని ఇంగ్లీషు వైద్యం డాక్టర్లూ చెబుతారు. నాకు కట్టి ఇచ్చినవి దాంగ్ షెన్, బేయ్ చీ అనే వేర్లు, సుద్దముక్కల్లాంటి హువాయ్ షాన్, గోజీ పళ్ళు, ఎండు ఎర్ర ఖర్జూరాలు. హువాయ్ షాన్ పెండలం జాతి దుంపే. ఎర్ర ఖర్జూరాలు మన రేగుపళ్ళకి దాయాదులు. గింజ తీయకుండా వేస్తే వేడి చేస్తుందని ఆంటీ అంటే మా నాయనమ్మే మాట్లాడినట్టనిపించింది.

సూప్‌లో వేసే కోడి నల్ల కోడి. ఈకలు తెల్లన, చర్మం నుంచి ఎముక దాకా నలుపు. మన దగ్గర కడక్‌నాథ్ చూసినవాళ్ళకి వింత కాదు. ముక్కల్ని చన్నీళ్ళలో వేసి పొయ్యి వెలిగించాలి. పొంగు వచ్చేసరికి బూడిదరంగు తెట్టు పైకి తేలుతుంది. ఆ నీళ్ళు పారబోసి, ముక్క ముక్కనీ కుళాయి కింద కడగాలి. పసుపూ ఉప్పూ రాసి కడిగే చేతికి ఇదంతా దండగ పనిలా ఉండేది. ఈ పని చేయకపోతే మాత్రం సూప్ మడ్డిగా, నీచు వాసనతో వస్తుంది. తర్వాత రెండు లీటర్ల నీళ్ళలో కోడి, వేర్లు కలిపి పావుగంట పెద్ద మంట మీద, ఆపైన రెండు గంటలు సన్నసెగ మీద ఉంచాలి. మధ్యలో మూత తీయకూడదు, చల్లనీళ్ళు పోయకూడదు. గోజీ పళ్ళు చివరి పది నిమిషాల్లో, ఉప్పు దించే ముందు. ముందే వేస్తే గోజీ పళ్ళు చితికి పులుపెక్కుతాయి. నాకు ఓపిక లేని రోజుల్లో ఆ రెండు గంటలే కలిసొచ్చేవి. పొయ్యి మీద పడేసి, పడుకుని, అలారం మోగితే లేచేదాన్ని.

ఆంటీ వాళ్ళాయన, ఆ అంకుల్ మాత్రం వాసన చూసి ఊరుకునేవాడు. ఆయనకి గౌట్. గంటలకొద్దీ మాంసం మరిగిన నీళ్ళు అలాంటివాళ్ళకి కీళ్ళ పోటు తెచ్చిపెడతాయి. మంచిదన్నది అందరికీ మంచిది కాదని చెప్పడానికి ఆ ఇంట్లో ఆయనే సాక్ష్యం.

సూప్ తాగితే ప్లేట్‌లెట్లు పెరిగాయా అని ఊరి నుంచి ఇప్పటికీ అడుగుతుంటారు. లేదు. నేను మొదటి గిన్నె తాగేనాటికే అవి పెరిగిపోయాయి. ఆ తర్వాత కొన్ని నెలలు జుట్టు గుప్పెళ్ళుగా రాలింది, దానికి ఏ వేరూ అడ్డుపడలేదు, దానంతటదే ఆగింది. సూప్ చేసిందల్లా అన్నం సయించనప్పుడు ఉప్పూ నీళ్ళూ మాంసపు సారమూ లోపలికి పంపడం, తర్వాత మెల్లగా ఆకలి పుట్టించడం. బాలింతకి కాయం పెట్టి, మిరియాల చారు పోసే ఇంట్లో పెరిగినదాన్ని, ఇది నాకు అర్థమయ్యే వైద్యమే.

ఇప్పుడు వేర్లు వేయడం దాదాపు మానేశాను. నెలకి ఒకటి రెండుసార్లు తామర దుంప, పచ్చి వేరుశనగపప్పు, పంది పక్కటెముకలతో కాస్తాను. పొట్టు తీయని పప్పైతే సూప్ గులాబీ రంగుకి తిరుగుతుంది. నా గిన్నెలో మాత్రం నాలుగు మిరియాలు దంచి వేసుకుంటాను. ఆంటీ మొహం చిట్లించలేదు. చైనీయుల్లోనే తియోచ్యూ వాళ్ళు బక్ కుత్ తే అనే పంది పక్కటెముకల సూప్‌లో అంతకన్నా ఎక్కువే వేస్తారంది.