శనివారం గంట: లెక్క ముందే ముగించే పిల్లలకు ఏం పని పెట్టాలి?

నేను కోనసీమలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ప్రతి శనివారం మధ్యాహ్న భోజనానికి ముందు సుమారు ఒక గంట సేపు, మూడు నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల్లో కొందరిని వరండాలో కూర్చోబెట్టి, పాఠ్యపుస్తకంలో లేని పనులు చేయిస్తుంటాను. బోర్డు మీద వేసిన లెక్కను అందరికంటే ముందు ముగించి, మిగిలిన సమయమంతా పక్కవాణ్ణి గిల్లుతూనో కిటికీలోంచి రోడ్డు చూస్తూనో గడిపే పిల్లలు ఏ తరగతిలోనైనా ఒకరిద్దరు ఉంటారు. వారి కోసమే ఈ గంట.

ఇలాంటి పిల్లలకు మన బడుల్లో మామూలుగా దొరికేవి రెండే. ఒకటి, అవే లెక్కలు మరో పది. తొందరగా ముగిస్తే పని రెట్టింపవుతుందని తెలివైన పిల్లవాడు రెండు వారాల్లోనే గ్రహించి, మూడో వారం నుంచి నెమ్మదిగా చేయడం మొదలుపెడతాడు. రెండోది, పై తరగతి పుస్తకం. నాలుగులో ఉండగానే ఐదో తరగతి పాఠాలు పూర్తిచేసిన పాప వచ్చే ఏడాది ఐదో తరగతిలో మళ్లీ ఖాళీగానే కూర్చుంటుంది.

పల్లెటూళ్లలో వీటికి తోడు నవోదయ ప్రవేశ పరీక్ష ఉంది. ఐదో తరగతి పిల్లలు రాసే ఈ పరీక్షలో రెండు గంటల్లో ఎనభై ప్రశ్నలు. అందులో సగం మేధాశక్తికి సంబంధించిన బొమ్మల ప్రశ్నలు, మిగతావి గణితం, భాష. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకే కేటాయించినందున తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదే. “శనివారం ఆ నీడలు కొలిచే బదులు నవోదయ బిట్లు చెప్పించొచ్చు కదండీ మాస్టారూ” అని అడిగేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ బిట్లు వేరే రోజుల్లో సాయంత్రం పూట చెబుతూనే ఉన్నాను. అయితే నిమిషన్నరకు ఒక జవాబు గుర్తుపెట్టడం అలవాటైన పిల్లవాడికి, వారం రోజులు తలలో పెట్టుకుని తిరగవలసిన ప్రశ్న ఒక్కటైనా ఎదురుకావాలి. తనకు వెంటనే రానిది కూడా ఒకటుందని అతడు ఎనిమిదేళ్ల వయసులోనే తెలుసుకోవడం మేలు; ఆ సంగతి మొదటిసారిగా ఇంటర్మీడియట్ హాస్టల్‌లో తెలిసిన పిల్లలు తట్టుకోలేకపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఎవరిని పిలవాలన్నది కష్టమైన విషయం. అమెరికాలోని కనెటికట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ రెంజుల్లీ 1978లో ప్రతిభకు మూడు వలయాల నమూనా ఒకటి ప్రతిపాదించాడు: సగటుకు మించిన సామర్థ్యం, పట్టుకున్న పనిని వదలని తత్వం, సృజన. ఈ మూడూ కలిసిన చోట ప్రతిభ వ్యక్తమవుతుందని ఆయన వాదన. మార్కుల జాబితా వీటిలో మొదటిదాన్ని మాత్రమే, అదీ అరకొరగా చూపిస్తుంది. పైగా మా పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి. పరీక్షలో ఇంగ్లీషు వాక్యం అర్థంకాక తప్పు రాసిన పిల్ల, అదే ప్రశ్న తెలుగులో నోటితో అడిగితే నేను ఊహించని దారిలో జవాబు చెప్పడం పలుమార్లు చూశాను. అందుకే నేను జాబితాను ఏడాదికి ఒకసారి మూసేయను. మొదటి నెల అందరికీ ఒకే పని పెడతాను, వారం తర్వాత దాని గురించి మళ్లీ వచ్చి అడిగినవారిని పిలుస్తాను. ఇలా వచ్చేవారిలో తరగతి ఫస్టు పిల్లలు కొందరే ఉంటారు.

అందరికీ పెట్టే ఆ మొదటి పని కాప్రేకర్ లెక్క. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో కనిపెట్టిన వింత ఇది. అంకెలన్నీ ఒకటే కాని ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకుని, ఆ అంకెలతో ఏర్పడే అతిపెద్ద సంఖ్యలోంచి అతిచిన్న సంఖ్యను తీసివేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే చేయాలి. 3524తో మొదలుపెడితే 5432 నుంచి 2345 తీసివేయగా 3087 వస్తుంది, తర్వాత 8352, ఆ తర్వాత 6174. అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే నిలిచిపోతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లు దాటకుండా అక్కడికే చేరతాం. తీసివేత లెక్కలంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా దీనికోసం పేజీలకు పేజీలు తీసివేతలు చేస్తారు. గురువులకు ఇందులో ఆ లాభం ఉంది.

అసలు రసం మాత్రం తగాదా మొదలైనప్పుడు వస్తుంది. 1000తో మొదలుపెట్టిన పిల్లవాడికి మొదటి మెట్టులోనే 999 వస్తుంది. ముందున్న సున్నాను వదిలేస్తే తరువాతి మెట్టులో సున్నా మిగులుతుంది, లెక్క చచ్చిపోతుంది; 0999 అని నాలుగంకెలుగానే ఉంచితే 8991, 8082, 8532 మీదుగా 6174కే చేరుతుంది. సున్నాను ఉంచాలా వద్దా అన్నది నేను తేల్చను. మూడంకెల సంఖ్యలు అన్నీ 495 దగ్గర ఆగుతాయని, రెండంకెలవి మాత్రం ఎక్కడా ఆగక 9, 81, 63, 27, 45 అంటూ గుండ్రంగా తిరుగుతాయని వారే కనుక్కుంటారు. ఈ అయిదూ తొమ్మిదో ఎక్కంలోనివేనని ఎవరో ఒకరు అరుస్తారు. ఎందుకన్న ప్రశ్న అప్పుడు వేస్తాను. పదేసి పుల్లల కట్టలు చేతికిస్తే, ఒక కట్ట తీసి ఆ స్థానంలో ఒక్క పుల్ల పెడితే తొమ్మిది తగ్గుతాయని నాలుగో తరగతి పిల్లలే చూపించగలరు. బీజగణితం పేరు వినకుండానే అది నిరూపణ అవుతుంది.

ఏడాది పొడవునా సాగే పని నీడల కొలత. మీటరు పొడవున్న ఒక నిటారైన కర్రను సిమెంటు నింపిన డబ్బాలో నిలబెట్టి, తాడుకు రాయి కట్టి అది సరిగ్గా నిలువుగా ఉందో లేదో చూసి, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకొకసారి నీడ కొసను సుద్దముక్కతో గుర్తుపెడతారు. అన్నిటిలో చిన్న నీడ పొడవు, అది పడిన దిక్కు, అప్పటి గడియారపు సమయం, ఈ మూడూ ఒక పెద్ద నోటుపుస్తకంలో ఎక్కుతాయి. సూర్యుడు రోజూ మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడన్న మాట పిల్లలు ఇంట్లో విని వస్తారు. జూన్‌లో బడి తెరిచిన మొదటి శనివారమే ఆ మాట చెదురుతుంది, ఎందుకంటే అప్పుడు నీడ పన్నెండు సెంటీమీటర్ల దాకా ఉండి, దక్షిణం వైపు పడుతుంది. మనం కర్కటరేఖకు దిగువన ఉన్నందున ఆ రోజుల్లో సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ తర్వాత వారం వారం నీడ కుంచించుకుపోయి, ఆగస్టు మొదటి వారంలో దాదాపు మాయమై, అటుపైన ఉత్తరం వైపుకు తిరుగుతుంది. నీడ లేని ఆ రోజు శనివారమే రావాలని లేదు గాని, రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా తేడా ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. మబ్బు పట్టిందంటే మాత్రం చేసేదేమీ లేదు. ఆ వారం నోటుపుస్తకంలో “మబ్బు” అని రాయవలసిందే. రాని కొలతను ఊహించి రాయకూడదన్న క్రమశిక్షణ ఈ పనిలో పిల్లలకు తనంతట తానే అబ్బుతుంది. డిసెంబరు ఆఖరులో నీడ 84 సెంటీమీటర్ల వరకు సాగి, సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చి చూసేసరికి తగ్గుముఖం పట్టి ఉంటుంది.

పొడవు కంటే గడియారం పెట్టే చిక్కు నాకు ఎక్కువ ఇష్టం. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది కనుక, మా ఊళ్లో సూర్యుడి మధ్యాహ్నం గడియారపు పన్నెండుకు ఒకటి రెండు నిమిషాల తేడాతో రావాలి. కానీ నవంబరు మొదట్లో అతిచిన్న నీడ పదకొండు నలభై అయిదు ప్రాంతంలోనే పడుతుంది. ఫిబ్రవరి మధ్యలో పన్నెండుంబావు దాటేదాకా రాదు. పిల్లలు మొదట నా వాచీని అనుమానిస్తారు, తర్వాత కర్రను, ఆ తర్వాత కిందటి వారం కొలిచినవాడిని. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, దాని అక్షం వాలి ఉండడం ఇందుకు కారణాలని నేను ఏడాది చివర చెబుతాను. అప్పటికి వారి దగ్గర కొలతలు ఉంటాయి కనుక ఆ మాట గాలిలో కలిసిపోదు. వేరే ఊళ్లో చేసేవారు తమ రేఖాంశానికి తగ్గట్టు డిగ్రీకి నాలుగు నిమిషాలు సవరించుకోవాలి. ఫిబ్రవరిలో ఈ పనికి భోజనం గంట అడ్డు వస్తుంది. వంట చేసే అక్కను బతిమాలి పళ్లాలు పక్కన పెట్టించడం నా వంతు.

ఎండ లేని వారాలకు వేరే పనులు దాచుకుంటాను. వరుస చుక్కల ముగ్గులో చుక్కలను గీతలతో కలిపి ఏ ఆకారం గీసినా, లోపలి చుక్కలకు అంచు మీది చుక్కల్లో సగం కలిపి ఒకటి తీసేస్తే ఆ ఆకారపు వైశాల్యం వస్తుంది. 1899లో గియోర్గ్ పిక్ ప్రచురించిన సూత్రమిది. మూడు గళ్ల పొడవు, రెండు గళ్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రంలో లోపల రెండు చుక్కలు, అంచున పది. రెండుకు అయిదు కలిపి ఒకటి తీస్తే ఆరు. సూత్రం నేను చెప్పను, పట్టిక గీయిస్తాను. గీతలు వంపు తిరిగే మెలికల ముగ్గుకు ఇది పనికిరాదని మొదట పట్టుకునేది ఇంట్లో రోజూ ముగ్గు వేసే ఆడపిల్లలే. పులి-మేక ఆట కూడా పెడతాను. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే ఆటలో మేకలను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతే ఎన్నింటి దాకా పులులను కట్టేయగలమో రాసుకుంటూ ఆడమంటాను.

మిగతా పిల్లలు చిన్నబుచ్చుకోరా అని సహోద్యోగులు అడుగుతుంటారు. గంట మొత్తం కొందరికే పరిమితమై, అక్కడ జరిగేది ఎవరికీ తెలియకపోతే తప్పక చిన్నబుచ్చుకుంటారు. నీడల నోటుపుస్తకం అందుకే తరగతి గదిలో అందరికీ అందేలా వేలాడుతుంది, సోమవారం ప్రార్థన సమయంలో ఆ వారపు కొలతను ఒకరు చదువుతారు. చుట్టూ గుమిగూడేవారిలోంచే నాకు కొత్త పిల్లలు దొరుకుతారు. ప్రత్యేక ఆసక్తి, ప్రతిభ ఉన్న విద్యార్థులకు ఉపాధ్యాయులు అదనపు సామగ్రి, మార్గదర్శనం ఇవ్వాలని, విషయాల వారీగా బృందాలు ఏర్పరచాలని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడిచే బడిలో ఆ వాక్యం అమలు కావాలంటే పక్క గదిని ఎవరు చూడాలన్న ప్రశ్నకు ఆ పత్రంలో జవాబు లేదు. మా బడిలో రెండో ఉపాధ్యాయిని ఆ గంట మిగతావారికి కథలు చెప్పిస్తారు. ఆమె ఒప్పుకోబట్టే ఇది జరుగుతోంది.

వచ్చే సెప్టెంబరు 22 ప్రాంతంలో ఒక ప్రయత్నం చేయాలనుకుంటున్నాం. ఆ రోజుల్లో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ మా దగ్గర 30 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో 36కు దగ్గరగా, చిత్తూరులో 24కు కాస్త తక్కువగా ఉండాలి. రెండు చోట్ల ఒకే రోజు కొలిచి, ఆ త్రిభుజాలను కాగితం మీద గీసి కోణమానినితో కోణాలు చూసుకుంటే, రెండు ఊళ్ల మధ్య ఉత్తర-దక్షిణ దూరాన్ని బట్టి భూమి చుట్టుకొలతను ఐదో తరగతి పిల్లలు లెక్కగట్టగలరు. ఆ వైపు ప్రాథమిక బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులు ఎవరైనా తమ పిల్లలతో కొలిపించడానికి సిద్ధంగా ఉంటే ఈ టపా కింద రాయండి. కర్ర పైభాగం కచ్చితంగా మీటరు దగ్గర కోసి ఉండాలి, నేల సమతలంగా ఉండాలి, పదకొండున్నరకే మొదలుపెట్టాలి. మబ్బు పడితే మరుసటి రోజు ఇద్దరం కలిసి కొలుద్దాం.