బండ్ మీద టైటానిక్

వరంగల్‌లో భద్రకాళి చెరువు బండ్ మీద పిల్లనగ్రోవులు అమ్మే ఆయన ఉన్నట్టుండి టైటానిక్ సినిమా పాట 'మై హార్ట్ విల్ గో ఆన్' ఎత్తుకున్నాడు. వాకింగ్ చేసేవాళ్లు స్పీడ్ తగ్గించారు. ఒక పెద్దాయన అయితే చేతులు ఊపుకుంటూ వస్తున్నవాడు అక్కడే ఆగిపోయాడు.

"ఏడ నేర్చుకున్నవే అన్నా?" అనడిగా.

"నేర్చుకునుడేంది సార్, విని పట్టుకున్న. గిది వాయిస్తెనే జనం ఆగుతరు."

నవ్వొచ్చింది. అసలు డైరెక్టర్ జేమ్స్ కామెరూన్‌కి సినిమా చివర్లో పాట పెట్టడమే ఇష్టం లేదు. సంగీతం చేసిన జేమ్స్ హార్నర్ ఆయనకు చెప్పకుండా విల్ జెన్నింగ్స్‌తో రాయించి, సెలిన్ డియోన్‌తో గుట్టుగా పాడించి, ఆయన మూడ్ బాగున్న రోజు చూసి వినిపించాడట. 1998లో దానికే ఆస్కార్!

నాకు మాత్రం గొంతు కన్నా ముందొచ్చే ఆ విజిల్ బిట్టే ప్రాణం. చివర్లో ఆమె పైకి ఎత్తుకునే చోట కొంచెం ఓవర్ అనిపిస్తుంది (తిట్టకండి). వెదురు మీద అదే బిట్టు పచ్చిగా ఉంది. పై స్వరం దగ్గర కాస్త జీరబోయింది కూడా, అదే ఇంకా నచ్చింది.

నేనూ ఒకటి కొన్నా. ఇంటికొచ్చి ఊదుతుంటే గాలి తప్ప ఏమీ రావట్లేదు. మా ఆవిడ టీవీ సౌండ్ పెంచింది.